కదలని సైకిల్, కిడ్నీల హిసాబ్

మా ఆపా కొడుకు సైకిల్ కొన్నాడు. అంగుళం కూడా ముందుకు కదలని సైకిల్. కాశీబుగ్గలో ఇంట్లోంచే కంపెనీ పని చేసుకుంటాడు. ముప్పై దాటకుండానే పొట్ట వచ్చిందని ఫికర్ పట్టుకుంది. హైవే మీద లారీల మధ్య తొక్కుతానంటే ఆపా ఒప్పుకోలేదు. దాంతో వెనక చక్రం తీసేసి, సైకిల్‌ని స్మార్ట్ ట్రైనర్‌కి బిగించి, ఎదురుగా ఫోను పెట్టుకున్నాడు. ఏ రోజు ఎంత తొక్కాలో యాప్ చెబుతుంది.

"మామూ, ఇది అందరికీ ఇచ్చే ప్లాన్ కాదు. నా డేటాతో నా కోసమే తయారైంది" అన్నాడు. ఎవరు దావా చేసినా సవాల్ అడగడం నా పేషా. కూర్చుని అంతా చెప్పించుకున్నాను.

హిసాబ్ తేలికే. ముందు 20 నిమిషాలు ఒంట్లో ఉన్న తాఖత్ అంతా పెట్టి తొక్కాలి. సగటున 200 వాట్లు వచ్చాయనుకోండి, అందులో 95 శాతం, అంటే 190. దాన్ని ఎఫ్‌టీపీ అంటారు. దాదాపు గంటసేపు నిలబెట్టగలిగే శక్తికి అదొక అంచనా. ప్లాన్ మొత్తం ఆ నంబర్ మీదే నిలబడుతుంది. తేలిక రోజున అందులో 56 నుంచి 75 శాతం, అంటే సుమారు 106 నుంచి 142 వాట్లు. కష్టమైన రోజున 100 శాతం దాటి చిన్న చిన్న విడతలు. వాట్లకు తగ్గట్టు ట్రైనరే బిగువు పెంచుతుంది, తగ్గిస్తుంది.

బాగానే ఉంది. యాప్ వాడి వయసు అడిగింది, బరువు అడిగింది, వారానికి ఎన్ని గంటలు తీరిక అని అడిగింది. ఉద్దానంలో ఉంటున్నావా అని మాత్రం అడగలేదు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు. ఈ కొబ్బరి, జీడితోటల మధ్య షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. దశాబ్దాలుగా పరిశోధిస్తున్నా ఇదీ కారణమని ఒక్కటి తేలలేదు. నీళ్లు, ఎండలో చెమటోడ్చే మెహనత్, పురుగుమందులు, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా షక్ ఉంది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకం కూడా వచ్చింది. అయినా చాలామందికి మర్జ్ ముదిరేదాకా తెలియదు, ఎందుకంటే కిడ్నీ నొప్పి పెట్టి చెప్పదు.

మా ఖాలూకి అలాగే తెలిసింది. వారానికి మూడుసార్లు టెక్కలిలో డయాలిసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆయనకూ తన డేటాతో తయారైన ప్లాన్ ఉంది. మంచం ఎక్కేముందు బరువు చూస్తారు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువుకన్నా రెండు కిలోలు ఎక్కువుంటే, అది పోయినసారి నుంచి ఒంట్లో నిలిచిపోయిన రెండు లీటర్ల నీరు. మిషన్ తీసేయాల్సింది అదే. దాహమేసినా ఆయన గుక్కలు లెక్కపెట్టుకుని తాగుతాడు.

భాంజాకు అదే తక్కెడ తిరగేసి చూపించాను. తొక్కడానికి ముందు, తర్వాత చెమట తుడుచుకుని బరువు చూసుకో అన్నాను. మధ్యలో ఏమీ తాగకపోతే, గంటలో కిలో తగ్గితే పోయింది కొవ్వు కాదు, లీటరు నీరు. మన సముద్రపు గాలి తేమలో చెమట ఆరదు, గదిలో ఎదురుగాలి తగలదు. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ అవే 140 వాట్లకు గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అలాంటప్పుడు వాట్ల మాట వినకూడదు, దిల్ మాట వినాలి. పెద్ద ఫ్యాను, పక్కన నీళ్లసీసా ఉన్నాకే పెడల్ మీద కాలు పెట్టాలి.

అంతకన్నా ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించాం. రెండు రోజులు వ్యాయామం ఆపాకే చేయించాం. గట్టిగా తొక్కిన మర్నాడు ఆ నంబర్లు ఊరికే పెరిగి కనిపించవచ్చు. జిమ్ పౌడర్లలోని క్రియాటిన్ కూడా క్రియాటినిన్‌ని పెంచి చూపిస్తుంది. అలాగని నంబర్ ఎక్కువ వస్తే పౌడర్ మీదకి నెట్టేసి ఊరుకోకూడదు, డాక్టర్‌కి చూపించి మళ్లీ చేయించుకోవాలి. మూడు నెలలకు పైగా తేడా నిలిచి ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. వాడిది సలామత్‌గానే వచ్చింది, అల్హందులిల్లాహ్.

ఇంకో రెండు మాటలు చెప్పాను. కాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు కొని మింగొద్దు. అలవాటు లేకుండా మొదటి వారమే విపరీతంగా తొక్కితే కండ చిట్లి, ఆ వ్యర్థం కిడ్నీలను దెబ్బతీస్తుంది. మూత్రం సులేమానీ చాయ్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ సైకిల్ వల్ల ఫాయిదా లేదనడం లేదు. ఇంట్లోనే, తలుపు వేసుకుని, ఎవరి చూపులూ పడకుండా చెమట పట్టేలా మెహనత్ చేసే మోకా మన ఆడవాళ్లకు ఎంత తక్కువో మీకు తెలుసు. ఇప్పుడు జొహర్ అయ్యాక ఆపా కూడా ఎక్కుతోంది. ఆమెకు 20 నిమిషాల పరీక్ష వద్దన్నాం. తొక్కుతూ ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. ఆ సమయంలో నాకు ఫోన్ చేసి ఖాందాన్ కబుర్లన్నీ చెబుతుంది.

వచ్చే రంజాన్‌కి భాంజా ప్లాన్ మార్చుకుంటానన్నాడు. రోజాతో పగలు తొక్కడు. ఇఫ్తార్ అయ్యి, నీళ్లు తాగి, కాసేపు ఆగాక తేలిక రోజులే. యాప్ ఏ గుర్తు చూపించినా సరే. జిస్మ్ మన దగ్గరున్న అమానత్. దాని హిసాబ్ యాప్ ఇవ్వదు, మనమే ఇవ్వాలి. మీ ఇంట్లో ఎవరైనా కొత్తగా వ్యాయామం మొదలుపెడుతుంటే, ముఖ్యంగా మన ఉద్దానం వైపు, ముందు ఆ రెండు పరీక్షలు చేయించండి.