విశాఖ రేవులో ఆయిల్ పాఠం

వేట నిషేధం రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలకు పని ఉండదు, మెకానిక్కులకు తీరిక ఉండదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మరపడవలూ మోటారు తెప్పలూ వేటకు వెళ్లకూడదు. జాలారిపేట నుంచి, మంగమారిపేట నుంచి, భీమిలి నుంచి తెప్పల మోటార్లు ఆటోలెక్కి రిపేరు షెడ్లకు చేరేది అప్పుడే. అలాంటి ఒక షెడ్డుకు మే నెలలో ఓ పొద్దున వెళ్లాను. ఔట్‌బోర్డ్ మోటారుకు ఏ ఆయిల్ పోయాలన్నది తెలుసుకుందామని.

రేకుల షెడ్డు. గోడవారన చెక్క దూలానికి ఏడెనిమిది మోటార్లు బిగించి ఉన్నాయి. కొన్నిటికి పైటోపీ ఉంది, కొన్నిటికి లోపలి వైర్లు బయటికి వేలాడుతున్నాయి. మధ్యలో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము నిండా మంచినీళ్లు. రిపేరయిన మోటారు కాలు అందులో ముంచి, తాడు లాగి నడిపి చూస్తారు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. నా ప్రశ్నకు ఆయన మూడు ప్రశ్నలతో జవాబు చెప్పాడు.

"టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? ఇంజన్‌కా, కింద గేర్ బాక్స్‌కా? రోజూ నడిసేదా, మూలన పడుండేదా? ఇయి సెప్పకుండా ఆయిల్ పేరు అడిగితే నానేటి సెప్పను సార్?"

ఆ పూటంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

మొదట టూ స్ట్రోక్. ఈ మోటారులో ఆయిల్ నిలవుండే చోటంటూ లేదు. పెట్రోలులో కలిపి పోస్తారు. ఆ కలిపిందే కార్బురేటర్ దాటి క్రాంక్ పెట్టెలోకి వెళ్లి బేరింగులనూ పిస్టన్‌నూ తడుపుతుంది. తర్వాత పైకి పోయి పెట్రోలుతో పాటే కాలి, పొగతో కలిసి నీళ్లలోకి వెళ్లిపోతుంది. ఇనుము ఇనుమును రాసుకోకుండా చూడటం ఒక్కటే దాని పని కాదు. కాలినప్పుడు వెనకాల ఏమీ మిగల్చకుండా కాలడం కూడా దాని పనే.

అప్పుడే ఒక కుర్రాడు మోటారు భుజాన వేసుకుని వచ్చాడు. దించుతూనే అడిగాడు.

"ఏటి మావా, స్కూటర్‌కి పోసే టూటీ ఆయిలూ ఇదీ ఒకటే కదేటి? అదైతే పెట్రోలు బంకులోనే దొరికేద్ది."

మేస్త్రి ఏమీ అనకుండా బల్ల కింద నుంచి ఒక పాత పిస్టన్ తీసి అతని చేతిలో పెట్టాడు. దాని నెత్తిన బూడిద రంగు పొర గట్టిగా పేరుకుంది. కింది రింగు గాడిలోనే అతుక్కుపోయింది, గోరు పెట్టినా కదల్లేదు. నెత్తి మధ్యలో కందిగింజంత బెజ్జం.

స్కూటర్ ఇంజన్‌ను చల్లబరిచేది గాలి. అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడిలో మసిని కడగడానికి దాని ఆయిల్‌లో కాల్షియం లాంటి లోహాలున్న మందులు కలుపుతారు. అవి కాలితే బూడిద మిగులుతుంది. బోటు మోటారు చుట్టూ తిరిగేది చల్లటి సముద్రపు నీళ్లు. పైగా దాన్ని గంటల తరబడి నిమిషానికి 5,000 చుట్ల దగ్గర ఒకే ఊపులో నడుపుతారు. ఆ బూడిద పిస్టన్ నెత్తినా ప్లగ్గు మొన మీదా పేరుకుని, ఎర్రగా కాగి, ప్లగ్గు నిప్పు వెయ్యకముందే పెట్రోలును అంటిస్తుంది. పిస్టన్‌కు బెజ్జం పడేది అలాగే. అందుకే బోటు ఆయిల్‌లో బూడిద మిగల్చని మందులు వాడతారు. అలాగని దాన్ని తెచ్చి స్కూటర్‌లో పోసినా లాభం లేదు, ఆ వేడికి అది ఆగదు.

సీసా మీద చూడాల్సిన గుర్తు టీసీ-డబ్ల్యూ3. అమెరికాలో బోటు తయారీదారుల సంఘం ఎన్‌ఎంఎంఏ పెట్టిన ప్రమాణం ఇది. టూ స్ట్రోక్ అనీ, నీటితో చల్లబడేదనీ దాని భావం. నిజమైన బోటు మోటార్లలో పోసి నడిపి, రింగులు అతుక్కున్నాయా, తుప్పు పట్టిందా, పెట్రోలులో సరిగా కలిసిందా అని పరీక్షించాకే ఆ ముద్ర ఇస్తారు. షెల్ఫులోని రెండు సీసాలు తీసి మేస్త్రి పక్కపక్కన పెట్టాడు. ఒకదాని మీద ముద్రతో పాటు నమోదు సంఖ్య ఉంది. రెండోదాని మీద "బోటు మోటార్లకు శ్రేష్ఠం" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ముద్ర ఉన్న సీసాల్లో కంపెనీ ఏదైనా ఆయనకు పట్టింపు లేదు.

తర్వాతది పాళ్ల లెక్క. చాలా టూ స్ట్రోక్ మోటార్లకు 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. కొత్త మోటారుకు మొదటి పది గంటలు 25కి 1. ఇంకొన్నిటికి కంపెనీ వేరే లెక్క చెబుతుంది, అప్పుడు పుస్తకంలో ఉన్నదే వేదం. 50కి 1 అంటే 25 లీటర్ల ట్యాంకుకు అర లీటరు. ఒడ్డున చీకట్లో కొలత గ్లాసు ఎవరు వెతుక్కుంటారు? ఇక్కడి కొలత ఖాళీ క్వార్టర్ సీసా. దాంట్లో పట్టేది 180 మిల్లీలీటర్లు, అంటే తొమ్మిది లీటర్ల పెట్రోలుకు సరిగ్గా ఒక సీసా. ఈ లెక్క ఎవరు కనిపెట్టారో గానీ, ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. ముందు కొంచెం పెట్రోలు, దాని మీద ఆయిల్, బాగా కలిపి, ఆపైన మిగతా పెట్రోలు పోయాలి. ఆయిల్ ఒక్కసారే పోసి వదిలేస్తే అడుగున నిలబడుతుంది.

"ఓ సుక్క ఎక్కువేస్తే మంచిదే కదా మావా?" అన్నాడు కుర్రాడు.

మంచిది కాదు. పొగ ఎక్కువై ప్లగ్గు నల్లబడటం పైకి కనిపించే నష్టం. కనిపించనిది ఇంకోటుంది. కార్బురేటర్ రంధ్రంలో నుంచి పోయేదాంట్లో ఆయిల్ పాలు పెరిగితే పెట్రోలు పాలు తగ్గుతుంది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైన మోటారు మామూలు కంటే వేడెక్కుతుంది. జాగ్రత్త కోసం ఎక్కువ పోసిన ఆయిలే మోటారును కాలుస్తుందన్నమాట. తక్కువ పోస్తే ఏమవుతుందో అతనికి ముందే తెలుసు, ఒకసారి నడి సముద్రంలో మోటారు జామైందట.

షెడ్డు రెండో వైపు ఫోర్ స్ట్రోక్ మోటార్లు. వీటిలో కారు ఇంజన్‌లో లాగే ఆయిల్ అడుగు గిన్నెలో ఉండి తిరుగుతుంది. కాబట్టి కారు ఆయిలే పోస్తే పోదా అనిపిస్తుంది. జవాబుగా మేస్త్రి ఒక మోటారు డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి నాకు చూపించాడు. ఆయిల్ పై గీత కంటే పైన ఉంది.

"ఎవరూ పొయ్యలేదు సార్. అదే పెరిగింది. వాసన సూడండి."

చూశాను. గుప్పున పెట్రోలు వాసన.

కారు ఇంజన్ దాదాపు 90 డిగ్రీల వేడి దగ్గర నడుస్తుంది. ఆయిల్‌లోకి జారిన పెట్రోలూ, పట్టిన చెమ్మా ఆ వేడికి ఆవిరైపోతాయి. బోటు మోటారును అంత వేడిగా నడపనివ్వరు. అందులో తిరిగేది ఉప్పునీరు. అది మరీ వేడెక్కితే ఉప్పు విరిగి లోపలి దారుల్లో గట్టిపడుతుంది. అందుకే చాలా మోటార్లలో థర్మోస్టాట్ 50, 60 డిగ్రీల దగ్గరే తెరుచుకుంటుంది. ఆ చల్లదనంలో రింగుల పక్క నుంచి జారిన పెట్రోలు ఆవిరి కాక ఆయిల్‌లోనే ఉండిపోతుంది. వల వేసేటప్పుడూ తీసేటప్పుడూ మోటారును గంటల కొద్దీ మెల్లగా నడపడంతో అది ఇంకా పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగిందని సంతోషిస్తే, నిజానికి లోపల ఆయిల్ పలచబడి ఉంటుంది.

ఈ కష్టాలన్నీ లెక్కలోకి తీసుకుని ఎన్‌ఎంఎంఏ 2004లో ఫోర్ స్ట్రోక్ బోటు మోటార్ల కోసం ఎఫ్‌సీ-డబ్ల్యూ అనే ఇంకో ప్రమాణం తెచ్చింది. ఆయిల్ నలిగి పలచబడుతుందా, తుప్పును ఆపుతుందా, నురగ కడుతుందా, నీళ్లు కలిసినప్పుడు ఫిల్టర్ మూసుకుపోతుందా అన్నవి అందులో పరీక్షలు. చిక్కదనం సంగతికొస్తే చిన్న మోటార్లలో ఎక్కువ వాటికి 10డబ్ల్యూ-30 చెబుతారు, కొన్నిటికి 10డబ్ల్యూ-40. హార్బర్‌లో మరపడవల డీజిల్ ఇంజన్లకు పోయగా డబ్బాల్లో మిగిలిన 15డబ్ల్యూ-40 ఆయిల్ చవగ్గా దొరుకుతుంది. అత్యవసరంలో ఒడ్డు చేరడానికి అది పనికిరావచ్చు గానీ, అలవాటు చేసుకోకూడదంటాడు మేస్త్రి. దాని తయారీ డీజిల్ మసి కోసం, ఉప్పుగాలి కోసం కాదు.

ఆయిల్ ఎప్పుడు మార్చాలో పుస్తకంలో ఉంటుంది. మామూలుగా మొదటిసారి 20 గంటలకు, తర్వాత ప్రతి 100 గంటలకు లేదా ఏడాదికి ఒకసారి. ఈ లెక్కను శని, ఆదివారాలు సరదాగా బోటెక్కేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశారు. వాళ్లకు 100 గంటలు నిండటానికి ఏడాది పడుతుంది. మన తెప్ప మోటారు రోజుకు నాలుగు గంటలు నడిచినా 25 రోజుల్లో వంద నిండుతుంది. ఏడాదికోసారి అన్న మాటే గుర్తుపెట్టుకుంటే ఆయిల్ నల్లటి తారవుతుంది. చిన్న మోటార్లకు గంటల మీటరు ఉండదు. అందుకని ట్యాంకులు లెక్కపెట్టమంటాడు మేస్త్రి. ఒక ట్యాంకు ఎన్ని గంటలొస్తుందో వేటకు వెళ్లేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో ఆయిల్‌ను చాలామంది మరిచే పోతారు. నీళ్లలో మునిగి ఉండే కాలి చివర, ప్రొపెల్లర్ ముందు చిన్న గేర్ బాక్స్ ఉంటుంది. మోటారు టూ స్ట్రోకైనా ఫోర్ స్ట్రోకైనా దీని ఆయిల్ వేరు. సాధారణంగా 90 గ్రేడు లేదా 80డబ్ల్యూ-90 హైపాయిడ్ గేర్ ఆయిల్. దీని కింద ఒక స్క్రూ, పైన ఒక స్క్రూ. కుర్రాడు తెచ్చిన మోటారుకు మేస్త్రి రెండూ విప్పాడు. పళ్లెంలోకి కారిన ఆయిల్ టీ రంగులో ఉంది, పాలు బాగా పోసిన టీ. నీళ్లు చేరాయి. ప్రొపెల్లర్ ఊడదీస్తే షాఫ్టుకు చుట్టుకుని నైలాన్ వల దారం, సన్నటిది, మూర పొడవుంది. అది తిరిగి తిరిగి సీలును కోసేసింది. ఎంత మంచి ఆయిల్ పోసినా ఈ కోత మానదు. ముందు సీలు మార్చాలి.

తర్వాత నింపడం. సీసాకు చిన్న పంపు తగిలించి కింది బెజ్జంలో నుంచి పైకి ఎక్కించాడు. పై బెజ్జంలో నుంచి బుడగలు ఆగి నిఖార్సయిన ఆయిల్ కారేదాకా ఆగి, ముందు పై స్క్రూ బిగించి, ఆపైన పంపు తీసి గబుక్కున కిందది బిగించాడు. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కి సగమే నిండుతుంది. స్క్రూల కింది వాషర్లు కొత్తవి వేశాడు. రూపాయల్లో అది లెక్కలోకి రాని ఖర్చు. పాతవే వేస్తే వచ్చే వారం మళ్లీ ఇదే టీ.

రోజూ నడవని మోటార్ల సంగతి నేనే గుర్తు చేశాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధులు మునిగినప్పుడు జనాన్ని బయటికి తెచ్చినవాటిలో ఇలాంటి మోటార్లు బిగించిన రబ్బరు పడవలూ ఉన్నాయి. అవి నెలల తరబడి గోదాములో ఉండి, ఒక్కరోజున పొద్దున్నుంచి రాత్రిదాకా నడవాలి. వేట మోటారును పని అరగదీస్తే, వీటిని ఖాళీ తినేస్తుంది. వీటి విషయంలో గంటలు కాదు, కేలండర్ చూడాలి. సంవత్సరం తిరిగేసరికి నడిచినా నడవకపోయినా ఆయిల్ మార్చాలి. నిలవ పెట్టేముందు ప్లగ్గు విప్పి సిలిండర్‌లో తుప్పు పట్టకుండా ఆయిల్ చల్లి, తాడు మెల్లగా రెండుసార్లు లాగాలి. కార్బురేటర్‌లో పెట్రోలు ఉంచకూడదు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఔట్‌బోర్డ్ కంపెనీలు ఎక్కువగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. వేట నిషేధం 61 రోజులకూ ఇవే జాగ్రత్తలు చాలు.

కుర్రాడి మోటారు డ్రమ్ములో నడిచి, పక్క రంధ్రం నుంచి నీళ్లు చిమ్మాక మేస్త్రి తెల్ల పెయింటు డబ్బా తీశాడు. టోపీ లోపలివైపు బ్రష్షుతో రాశాడు: టీసీ-డబ్ల్యూ3, 50కి 1, గేరు 90, కింద ఆ రోజు తేదీ. తన చేతి మీదుగా వెళ్లే ప్రతి మోటారుకూ ఇలా రాస్తాడట. తెప్ప మీద అన్న బదులు తమ్ముడు వెళ్లినా, మోటారు చేతులు మారినా, టోపీ ఎత్తితే సంగతి తెలుస్తుంది.

మోటారుతో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. మొదటి వారంలోనే పెట్రోలు మరకలతో చిరిగిపోతుంది. సబ్సిడీ మీద మోటార్లు పంచే శాఖలూ, కౌంటర్ మీద అమ్మే డీలర్లూ ఈ షెడ్డులో జరిగే పనే చెయ్యొచ్చు. ఏ ముద్ర ఉన్న ఆయిల్, ఏ పాళ్లలో, గేర్‌కు ఏది, ఎన్ని ట్యాంకులకు ఒకసారి మార్చాలి. ఈ నాలుగు సంగతులు ఉప్పునీటికి చెరగని రేకు మీద తెలుగులో అచ్చేసి టోపీ లోపల అంటించి ఇస్తే సరిపోతుంది. ఒక పిస్టన్ మార్పించే ఖర్చుతో అలాంటి రేకులు కొన్ని వందలు వస్తాయి.