వెనుక ఇరుసు

మన యిండ్లలో మోటారుబండిని గూర్చి మాటాడునప్పుడు దాని రంగును, వేగమును, వెలను చెప్పుకొందుము. వెనుక చక్రముల నడుమ, నేలకు జానెడెత్తున, బురద గొట్టుకొని యుండు ఇనుపకుండను గూర్చి యెవరును తలపరు. అయినను ఇంజనులో పుట్టిన బలము ఆ కుండలోనుండియే వెనుక చక్రములకు చేరుచున్నది. పనిచేయువాని పేరు తెలియకయే వాని కష్టఫలమును అనుభవించుట మనకు చిరకాలముగా అలవాటైన విద్య గనుక ఇందు వింత లేదు. ఈ నడుమ మా కుటుంబమున ఆ యినుపకుండను గూర్చి పదునైదు దినములు వాదము జరిగినది. ఆ వాదము యంత్రముతోనే ముగియలేదు గావున దానిని చదువరులకు విన్నవించుచున్నాను.

మాది కొయ్యూరు. 1924 మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన తావుగా ఈ యూరి పేరు తెలుగువారందరు నెరుగుదురు. ఆ పోరాటమునకు గల కారణములలో రోడ్డు ఒకటియని మాత్రము అందరు నెరుగరు. నర్సీపట్నమునుండి చింతపల్లికి కొండలమీదుగా బాట వేయించుచు, గూడెము డిప్యూటీ తాసిల్దారైన బాస్టియన్ మన్యపు జనులచేత న్యాయమైన కూలి యీయక పని చేయించెను. 1922 ఆగష్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి జరిగిన నాటికి ఆ బాటపై రాళ్లు మోసినవారి కడుపుమంట ఆరలేదు. నేడు కొయ్యూరునుండి లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకులమీదుగా జాతీయ రహదారి పోవుచున్నది. ఈ కొండలలో బండి నడుపు మేమందరము వారి వీపులమీద నడుపుచున్నామని నేననుకొందును.

మా తండ్రిగారు సెకండుహ్యాండున కొనిన విల్లీసు జీపు మాకు కలదు. మహీంద్రావారు 1947లో బొంబాయిలో విల్లీసు జీపులను కూర్చనారంభించి, పిదప ఆ నమూనాలనే మన దేశమున తయారుచేసిరి. మాది ఆ వరుసలోని సీజే-3బీ. ఇటీవల దాని వెనుకనుండి ఆకలిగొన్న దూడ యరపువంటి కూత వినవచ్చెను. మా మెకానిక్కు మేస్త్రీ కుండ మూత విప్పి, నూనె తోడి, దానిలో మెరయుచున్న ఇనుపరజమును వ్రేలితో చూపి, “క్రౌను, పినియను రెండూ పోయాయి బాబూ, జత మార్చాల్సిందే” అనెను.

ఈ జత యనగా నేమి? ఇంజనునుండి వెనుకకు వచ్చు పొడవైన కడ్డీ కొసను చిన్న పండ్లచక్రముండును. అది పినియను. దానితో అడ్డముగా కలియు పెద్ద చక్రము క్రౌను. మా జీపున పినియనుకు 8 పండ్లు, క్రౌనుకు 43. అనగా కడ్డీ 5.38 మారులు తిరిగిన గాని చక్రమొక్కమారు తిరుగదు. వేగమును తగ్గించి బలమును హెచ్చించుటయే దీని పని. రెండవ ప్రపంచయుద్ధమున సైన్యమునకు చేసిన జీపులలో నీ లెక్క 39కి 8, అనగా 4.88. యుద్ధానంతరము పొలములలో దుక్కికిని లాగుడుకును అమ్మిన జీపులకు 5.38 నిర్ణయించిరి.

క్రౌను నడుమ మరొక చమత్కారమున్నది. దానినే డిఫరెన్షియల్ అందురు. కళ్లమున గుంజచుట్టు బంతి కట్టిన యెడ్లను చూచినవారికి దీని యవసరము సులభముగా తెలియును. గుంజచేరువ యెద్దు ఉన్నచోటనే యడుగులు వేయుచుండ, చివరి యెద్దు పరుగులు తీయవలయును. బండి మలుపు తిరుగునప్పుడు లోపలి చక్రమునకును వెలుపలి చక్రమునకును అట్టి భేదమే కలుగును. మన యెడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని యిరుసు కదలదు, చక్రములు దేనికది తిరుగును. మోటారునందు చక్రములను ఇరుసే త్రిప్పవలయును గనుక, రెంటికిని బలమిచ్చుచునే వానివాని వేగమునకు వానిని విడుచు ఉపాయము కావలసెను. 1827లో ఫ్రాన్సు దేశపు గడియారముల పనివాడు ఒనెసిఫోర్ పెకర్ ఆవిరిబండికొరకు దీనికి పేటెంటు పొందెను.

ఐనను ఈ న్యాయమూర్తికి నొక దోషమున్నది. ఒక చక్రము బురదలో జారి యూరక తిరుగుచుండగా, గట్టి నేలపైనున్న రెండవ చక్రమునకును అంత స్వల్పబలమే యిచ్చును. ఉన్న సత్తువ నిరుపయోగమై, బండి కదలక నిలిచిపోవును. వానకాలమున వాగులయొడ్డున నిది మాకు నిత్యానుభవము.

మా మేనల్లుడు విశాఖపట్టణమున ఇంజనీరింగు చదివినవాడు. “మామయ్యా, ఎలాగూ మారుస్తున్నాం గదా, 4.88 జత వేయిద్దాం” అనెను. వాని మాట పొల్లు కాదు. గంటకు 60 కిలోమీటర్లు పోవునప్పుడు మా యింజను నిమిషమునకు సుమారు 2440 మారులు తిరుగుచున్నది. 4.88 వేసినచో సుమారు 2210 చాలును. మోత తగ్గును, పెట్రోలు కొంత మిగులును, ఇంజను మరి కొన్నేండ్లు మన్నును. పల్లపు రోడ్డుపై పట్టణమునకు పోవువానికి ఇంతకంటె నేమి కావలయును?

మేస్త్రీ తల యూపి, “ముందు ఇరుసు కూడా మార్చాలి బాబూ. వెనక ఒక లెక్క, ముందు ఒక లెక్క పెట్టి నాలుగు చక్రాలూ కలిపారంటే ఒకదాన్నొకటి లాక్కుని ఏదో ఒకటి విరిగిపోద్ది” అనెను. స్పీడు చూపు ముల్లు సైతము తప్పు చెప్పునని, బండి 50లో పోవుచుండగా 45 చూపుననియు తెలిపెను. ఖర్చు రెట్టింపగుచున్నను మేనల్లుడు వెనుదీయలేదు. “పోయేది లాగుడులో పదకొండో వంతు. అంతేగా!” అనెను.

వాని తల్లి, మా చెల్లెలు, నర్సు. అంతవరకు మాటాడక విన్న ఆమె అప్పుడు నోరు విప్పెను. “ఆ పదకొండో వంతు ఎవరి వాటాలోంచి తీస్తున్నావురా?” అని యడిగెను.

చదువరులారా, ఆ ప్రశ్నకు గల యర్థమును చెప్పవలయును. ఈ మన్యమున నేటికిని కొన్ని కొండయూళ్లనుండి ప్రసవవేదనపడు స్త్రీలను డోలీలో మోసికొని దిగవలసి యున్నది. అంబులెన్సు తారురోడ్డు చివర ఆగును. అచ్చటినుండి వాగుదాక ఎగుడుదిగుడు బాటలో మా పాత జీపు పోగలదు. కొన్ని రాత్రులు పోయినది కూడ. అట్టి బాటపై నిండు బరువుతో ఎక్కునప్పుడు లాగుడులో పదునొకండవ వంతు కాగితముమీది లెక్క కాదు. డోలీ మోయువారి భుజములపై మరి కొంత దూరము.

మేనల్లుడు మరల వాదించెను. జీపునకు తగ్గు గేరు వేరుగా నుండనే యున్నది, ఎక్కుడున దానిని వేసికొనవచ్చునని. మేస్త్రీ దానికిని సమాధానము చెప్పెను. ఈ జీపులో ముందు చక్రములను కలిపినగాని ఆ తగ్గు గేరు పడదు. బురదలో నది మేలే. లంబసింగి ఘాటీవంటి తారురోడ్డు మలుపులలో నాలుగు చక్రములు కలిపి నడిపినచో ముందువెనుకలు పెనగులాడి టైర్లు అరుగును, స్టీరింగు బిగియును. కావున ఘాటీ యెక్కుటకు వెనుక ఇరుసు లెక్కయే దిక్కు.

తుదకు నేను నిర్ణయము చెప్పితిని. లెక్క 5.38యే యుండవలయును. మిగిలిన ధనముతో వెనుక డిఫరెన్షియలును మేలుపరచవలయును. ఇందును రెండు మార్గములు కలవు. చక్రములు రెంటిని ఒక్కటిగా బిగించు లాకరు బురదలో బలవంతుడు గాని, తడిసిన మలుపులలో మొండివాడు. లోపల రాపిడిపలకలుగల లిమిటెడ్ స్లిప్పు జారుచక్రమును కొంత పట్టియుంచి, నిలుకడగల చక్రమునకు బలము నందిచ్చును, మలుపునకును వీలిచ్చును. మేము రెండవదానిని కోరితిమి.

బిగింపు పని రెండు దినములు పట్టెను. క్రౌనును పినియనును కర్మాగారమున జతగా నూరుదురు గనుక రెంటిపైనను ఒకే అంకె చెక్కబడియుండును. పట్టణమున నొక దుకాణమువారు మొదట అంకెలు కలియని జతను అంటగట్టగా, మేస్త్రీ చూచి త్రిప్పి పంపెను. పిదప పినియను లోతును కాగితమువంటి పలుచని షిమ్ములతో సరిచేసెను. పండ్ల నడుమ సందు అంగుళములో వేయింట ఐదు మొదలు పది వంతుల లోపల నుండవలయునట. పండ్లకు రంగు పూసి, చేతితో త్రిప్పి, మచ్చ పంటి నడుమ పడువరకు విప్పుచు బిగించుచు నుండెను. ఇంజనీరింగు పట్టాగల మా మేనల్లుడు చొక్కా విప్పి దీపము పట్టుకొని కూర్చుండి, నాల్గవమారు మచ్చ సరిగా పడినప్పుడు, “మేస్త్రీ గారూ, ఈసారి షిమ్ము నన్ను వేయనివ్వండి” యని వేడెను. అంతవరకు వాడు ఆయనను ‘మేస్త్రీ’ యనియే పిలిచెడివాడు. ఆ ‘గారు’ను విని మా చెల్లెలు నా వైపు చూచెను.

మన సంస్కరణములను గూర్చి ఈ సందర్భమున నాకు తోచినదొకటి చెప్పెదను. ఏదైనను మార్చునప్పుడు ‘ఎంత వేగము వచ్చును’ అని మొదట అడుగుదుము. ‘ఎవరి భాగమునుండి వచ్చును’ అని చివర నడుగుదుము, లేదా అసలడుగము. వెనుక నొక లెక్కయు ముందొక లెక్కయు నుంచుకొని నాల్గు చక్రములను కలుపబూనుటయు మనకు క్రొత్త కాదు. సభలో నొక నీతి, ఇంటిలో నొక నీతి. కొడుకున కొక చదువు, కోడలి కొక చదువు. అట్టి బండి చదునునేలపై చక్కగనే పోవును. ఎక్కుడు వచ్చి నాలుగు చక్రములును కలిసి లాగవలసినప్పుడే దానిలో నేదో యొకటి విరుగును.

మా జీపు నేటికిని మెల్లగనే పోవుచున్నది. తొలి 800 కిలోమీటర్లు బరువు వేయక నడిపి, నూనె మార్చితిమి. కూత పోయినది. మొన్నటి వానలలో వాగుయొడ్డున ఎడమచక్రము బురదలో దిగినను కుడిచక్రము పట్టు విడువక బండిని గట్టెక్కించెను. ఆ రాత్రి వెనుక పరుండిన తల్లికి గాని, ఆమె ప్రక్కనున్న బిడ్డకు గాని క్రౌనుపండ్ల లెక్క తెలియదు. తెలియనక్కరయు లేదు. ఆ లెక్క తెలిసికొనవలసినవారము మేము.