మన ఉత్తరాలు మన దగ్గర

మన ఇళ్లల్లో కుల ధ్రువీకరణ పత్రం, పదో తరగతి మెమో ట్రంకు పెట్టె అడుగున భద్రంగా ఉంటాయి. కాలేజీకొచ్చాక మా కాగితాలన్నీ ఈమెయిల్లోకి చేరాయి. డిగ్రీ పూర్తయిన కొన్నాళ్లకు, ముందు చెప్పకుండానే, కాలేజీ ఇచ్చిన మెయిల్ ఖాతాలన్నీ మూసేశారు. స్కాలర్‌షిప్ మంజూరు ఉత్తరాలు అందులోనే! పీజీ అడ్మిషన్‌కు వారమే గడువు. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీలు మావే, ఎవరినడగాలో చెప్పేవారు లేరు.

మేం నలుగురం తలా ఒక దిక్కు పట్టాం. పంపినవారి 'సెంట్'లో ప్రతి ఉంటుంది కదా, వాళ్లను బతిమాలితే సగం వచ్చాయి. మిగతావి మా గది మిత్రుడి పెన్‌డ్రైవ్‌లో దొరికాయి. అందరికీ కలిపి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ వాడు దించి దాచేవాడు. (వాడికి చాయ్ బాకీ ఇంకా తీరలేదు.)

2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌లో లోపం వచ్చి కొందరి ఉత్తరాలు మాయమైతే, గూగుల్ సైతం టేపుల మీద విడిగా దాచిన ప్రతుల నుంచే తిరిగి తెచ్చింది. ఫోన్లో కనిపించే మెయిల్ విడి ప్రతి కాదు తమ్ముళ్లూ, సర్వర్లో పోతే ఇక్కడా పోతుంది. జీమెయిల్ ట్రాష్‌లోనూ 30 రోజులే ఉంటుంది. గూగుల్ టేకౌట్‌తో మొత్తం దించుకుంటే నెట్ లేకున్నా థండర్‌బర్డ్‌లో తెరిచి చదవొచ్చు. మేమిప్పుడు సెమిస్టరుకోసారి దించి రెండు పెన్‌డ్రైవుల్లో పెడుతున్నాం. ఒకటి గదిలో, ఒకటి ఊళ్లో.