ఇంట మిగిలిన బిడ్డ

పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన తొలినాళ్లలోనో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలూ కూర్చునే, నిలబడే తీరూ అదుపులో ఉండని స్థితిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. ఈ స్థితి తీవ్రంగా ఉన్న పిల్లలు ఇంటివద్దే చదువుకునే మార్గాన్ని ఎంచుకోవచ్చునని 2009 నాటి విద్యాహక్కు చట్టానికి 2012లో జరిగిన సవరణ చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల ఉపాధ్యాయులు ఇలాంటి పిల్లల ఇళ్లకు వెళ్లి పాఠాలు చెబుతారు. అయితే వారు ఇంట్లో ఉండేది కొద్ది గంటలే కనుక, తక్కిన కాలమంతా ఆ బిడ్డకు చదువు చెప్పేదెవరన్న ప్రశ్న చికిత్సకు కూడా సంబంధించినదే.

ఉరవకొండ ప్రాంతంలో ఈ ప్రశ్నకు చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒక్కటే: అక్కో, అన్నో. మగ్గం నేసే ఒక కుటుంబంలోని తొమ్మిదేళ్ల బాలుడి ఉదంతం ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. అన్న అంతకుముందే గురుకులంలో చేరగా, అయిదో తరగతి ముగించిన అక్క జూన్‌లో కస్తూర్బా విద్యాలయం హాస్టల్‌కు వెళ్లింది. ఇంట్లో పిల్లవాడు ఒక్కడే మిగిలాడు. దసరా నాటికి అతని మడమలు నేలకు ఆనడం మానేశాయి, మోకాళ్లు వంగిపోయాయి, మలబద్ధకం మొదలైంది. "అక్క పోయినకాన్నుంచి వీడు మాట్లాడేదే తక్కువైపోయింది సార్" అన్న తల్లి మాట మొదట్లో బెంగగానే వినిపించింది.

సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు తగిలిన దెబ్బ కాలంతోపాటు పెరిగేది కాదు. అందువల్ల వచ్చిన విద్య వెనక్కి పోతున్నదంటే వైద్యుడు తప్పక కారణం వెతకాలి: గుర్తించని మూర్ఛలు, తుంటి కీలు తొలగడం, పోషకాహార లోపం, లేదా సెరిబ్రల్ పాల్సీగా పొరబడిన వేరే వ్యాధి. ఈ బాలుడిలో అవేవీ తేలలేదు. రోజు ఎలా గడుస్తున్నదని గంట గంటకూ అడిగినప్పుడే అసలు సంగతి బయటపడింది. అక్క రోజూ ఉదయం, సాయంత్రం బడి ఆట ఆడించేది. ఆ ఆటలో అతడు మగ్గం గుంజ పట్టుకుని నిలబడి ఎక్కాలు అప్పజెప్పాలి. ఆ నిలబడటమే అతనికి వ్యాయామం. నాలుక సరిగా తిరగక అస్పష్టంగా వచ్చే అతని మాటలు పూర్తిగా అర్థమయ్యేది కూడా ఆమెకే. ఎదిగే వయసులో ఎముక పెరిగినంత వేగంగా బిగుసుకున్న కండరం సాగదు గనుక, సాగదీత ఆగిన కొద్ది నెలలకే కాళ్లు ముడుచుకున్నాయి.

పిండికట్లు వేసి పిక్కలను మెల్లగా సాగదీయడం, ఆపై రాత్రిపూట కాళ్లకు ఊతకట్లు తొడగడం వైద్యం వైపు జరిగిన పని. అంతకంటే విలువైన పని ఇంట్లో జరిగింది. గుంట మగ్గంలో తండ్రి కాళ్లు గుంతలో పెట్టి నేలమట్టంలో కూర్చుంటాడు. పక్కనే గోడ మూలకు చేర్చిన ఊత కుర్చీలో కూర్చోబెడితే పిల్లవాడి ముఖం తండ్రి ముఖానికి ఎదురుగా వస్తుంది, పెదవులు కదిలే తీరు కనిపిస్తుంది. నాడె అటూ ఇటూ పోతుండగా ఎక్కాలు నడిచాయి. తల్లి కండెలు చుట్టే రాట్నం పిడి కొంతసేపు అతని చేతికి వచ్చింది. అట్టముక్క మీద అంటించిన బొమ్మలు చూపి అవసరాలు చెప్పడం భవిత ఉపాధ్యాయురాలు నేర్పింది. వేసవి వచ్చేసరికి మాటలు తిరిగి వచ్చాయి. మడమలు మాత్రం పూర్తిగా ఆనలేదు.

మగ్గం ఇంట్లోనే ఉండటం ఈ కుటుంబానికి కలిసివచ్చింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే, ఉరవకొండ ఉన్న ఈ జిల్లాలో శనక్కాయ పంట ఎండితే రైతు కూలీలు బెంగుళూరు కట్టడాల పనులకు పోతారు, బిడ్డ అవ్వ దగ్గర మిగులుతాడు. తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి ఎత్తి నిలబెట్టే శక్తి ఆ అవ్వకు ఉండదు. అటువంటి ఇళ్ల పిల్లలే ఆలస్యంగా, కీళ్లు బిగుసుకుపోయాక, శస్త్రచికిత్స తప్ప దారిలేని స్థితిలో ఆసుపత్రికి చేరుతున్నారు. ఇది అత్యంత బాధాకరం.

ఇంటివద్ద చదువు కుటుంబం ఎంచుకోదగిన మార్గమే గాని బడి తలుపు మూయడం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యమున్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఇంటికి దగ్గరి బడిలో ఉచితంగా చదివే హక్కు ఉంది. తోటి పిల్లల మధ్య వారానికి ఒక్క పూట కూర్చున్నా ఆ బాలుడికి అక్క లేని లోటు కొంత తీరేది. కనుక పెద్ద పిల్లకు హాస్టల్ సీటు వచ్చిందని తెలిసిన కుటుంబాలు జూన్ దాకా ఆగకుండా మే నెలలోనే చిన్నవాణ్ణి వైద్యుడికీ ఫిజియోథెరపిస్టుకూ చూపించాలి. వైద్యులు కూడా కేసు కాగితంలో మందుల పేర్లకు ముందు, పగటిపూట ఆ బిడ్డ దగ్గర ఎవరుంటున్నారో రాయాలి.