పదిహేనో యేటి పండుగ

మెక్సికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్ వంటి దేశాల నుంచి అమెరికాకు వలసపోయిన కుటుంబాలు ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండినప్పుడు వొక పండుగ చేస్తాయి. స్పానిష్‌లో దాన్ని కిన్సెయాన్యేరా అంటారు. ఆ పిల్లనూ అదే పేరుతో పిలుస్తారు. ముందు చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన, తర్వాత హాల్లో విందు. పిల్ల కుచ్చుల గౌను తొడుక్కుని, తలమీద చిన్న కిరీటంతో కూర్చుంటుంది. తండ్రి వంగి ఆమె కాళ్లకున్న మామూలు జోళ్లు విప్పి, యెత్తుమడమల జోళ్లు తొడుగుతాడు. చివరి బొమ్మ అంటూ వొక బొమ్మను చేతిలో పెడతారు. యిక బొమ్మలాటలు చాలునని దాని అర్థం. పద్నాలుగు జంటల దాకా యీడు పిల్లలు వెంట నిలబడతారు. తండ్రితో వాల్ట్జ్ నాట్యం, ఆపైన అందరి నాట్యం.

మన పత్రిక చదివేవాళ్లు దీనికి వెంటనే పేరు పెట్టగలరు: భూస్వామ్య అవశేషం. ఆ మాటలో నిజం లేకపోలేదు. పిల్ల పెద్దదయిందని పదిమందికీ చాటడమంటే పెళ్లీడు వచ్చిందని చాటడమే. మగపిల్లవాడికి యింత హంగామా లేదు. యిక పుట్టుక సంగతి. అజ్టెక్కుల నాటి ఆచారమని కొందరు గర్వంగా చెబుతారు. దానికి సాక్ష్యం బలహీనం. గౌనూ వాల్ట్జూ మాత్రం 1864–67 మధ్య ఫ్రెంచి సైన్యం దన్నుతో మెక్సికోను యేలిన మాక్సిమిలియన్ చక్రవర్తి కొలువు వాసన కొడతాయి. (ప్రతి ఆచారానికీ వేదప్రమాణం వెతికే మనం వాళ్లను చూసి నవ్వడానికి లేదు.)

యిటువంటి వేడుకలంటే నాకు సరిపడదు. పన్నెండో యేట నన్ను మూలగదిలో తాటాకుల చాపమీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పేరంటాళ్లచేత పాటలు పాడించిన పదకొండు రోజులూ నాకు గుర్తే. వూరంతటికీ తెలియవలసిన విషయమేనా అది అని అడిగితే, 'అందరికీ జరిగిందే కదే' అంది అమ్మ. తిరిగి బడికి పోయిన రోజున మగపిల్లలు చూసిన చూపుల గురించి ఆ పాటల్లో యెక్కడా లేదు.

నిరుడు డాలస్ దగ్గర వుంటున్న మా అక్క తన కూతురికి వోణీల ఫంక్షన్ చేస్తూ, 'నువ్వు తెలుగు ఎం.ఏ.వి గదా, కార్డు మేటరు రాసిపెట్టవే' అని ఫోన్ చేసింది. హాలు మెక్సికో వాళ్లదట. శనివారం వాళ్ల కిన్సెయాన్యేరా, ఆదివారం వీళ్ల ఫంక్షన్. వాళ్లు కట్టిన పూలకమాను అట్లాగే వుంచితే యిద్దరికీ ఖర్చు కలిసొస్తుందట. 'వాళ్లదీ మనలాంటి ఫంక్షనేలే' అంది అక్క. ఆ 'మనలాంటి' దగ్గరే నాకు పేచీ.

ఖర్చు యెవరు పెడతారో చూడండి. తోటపని చేసే తండ్రి, హోటలు గదులు తుడిచే తల్లి యిదంతా వొంటరిగా మోయలేరు. కేకు వొకరిది, జోళ్లు వొకరివి, కిరీటం వొకరిది, మేళం యింకొకరిది. యిచ్చినవాళ్లను పద్రీనోలు, మద్రీనాలు అంటారు; మన కేథలిక్కులు జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి అన్నట్టు. వాళ్లూ పిల్ల తల్లిదండ్రులూ 'కొంపాద్రె', 'కొమాద్రె' అని వరస కలుపుకుంటారు. చదివింపుల పుస్తకంలో నూటపదహార్లు రాసుకుని, వాళ్లింట్లో పెళ్లికి అంతకు తగ్గకుండా తిరిగి చదివించడం వేరు. వూరుగాని వూళ్లో చుట్టరికాన్నే కొత్తగా కట్టుకోవడం వేరు.

యెందుకు కట్టుకోవలసివచ్చింది? 1942 నుంచి 1964 దాకా 'బ్రసేరో' వొప్పందాల కింద అమెరికా పొలాల యజమానులు లక్షలాది మెక్సికో కూలీలను పిలిపించుకున్నారు. కూలీలు పంట కోసి యింటికి పోయేవాళ్లు. ఆ దారి మూశాక కూలీ అవసరం పోలేదు, కాగితం మాత్రం పోయింది. 1996 నాటి చట్టం మరీ బిగించింది: కాగితాలు లేకుండా యేడాదికి మించి వున్నవాడు దేశం విడిచి వెళితే పదేళ్ల దాకా తిరిగి రాకూడదు. అంతకుముందు పోతూ వస్తూ వున్న మనిషి అక్కడే చిక్కుకుపోయాడు. అక్కడ పుట్టిన పిల్లకు 1868 నాటి పద్నాలుగో రాజ్యాంగ సవరణ ప్రకారం పౌరసత్వం వస్తూ వచ్చింది, తల్లికి లేదు, అమ్మమ్మ సరిహద్దుకు అవతల. ఆమె యిటు రాలేదు, కూతురు అటు పోలేదు. బల్లమీద ఫోను నిలబెట్టి అమ్మమ్మకు మనవరాలి వాల్ట్జ్ చూపించే కుటుంబానికి ఆ హాలే వూరు. మా అక్కకు వీసా వుంది, విమానం టిక్కెట్టుకు డబ్బుంది. పిల్లకు గుంటూరులో వొకసారి, డాలస్‌లో వొకసారి ఫంక్షన్ చేసింది. హాలు వొకటే, అవసరం వొకటి కాదు. కార్డు రాసి పంపాను, 'పుష్పవతి' అన్న మాట లేకుండా. అక్క దాన్ని చేర్చుకునే అచ్చు వేయించింది.

యింత చెప్పి బజారును వదిలేస్తే న్యాయం కాదు. గౌన్ల దుకాణాలు, పొడుగు కార్లు, ఫోటోల పాకేజీలు యీ పండుగ చుట్టూ వొక వ్యాపారంగా పెరిగాయి. డొమినికన్ కుటుంబం నుంచి వచ్చిన రచయిత్రి జూలియా ఆల్వారెజ్ 2007లో దీనిమీద వొక పుస్తకమే రాసింది. అప్పుచేసి వొక్క రాత్రికి కూతుర్ని రాజకుమారిని చేసే కలను ఆమె ప్రశ్నించింది. అయినా పండుగను కొట్టిపారేయలేదు. 2006లో సండాన్స్ బహుమతి పొందిన 'కిన్సెయాన్యేరా' సినిమా నాకు యింకా నచ్చింది. కథ జరిగేది లాస్ ఏంజెలెస్‌లోని ఎకో పార్క్ పేటలో. పదిహేను నిండకముందే గర్భవతి అయిన పిల్లకు మతబోధకుడైన తండ్రి యింట్లో చోటుండదు. ఆదరించేది వీధిలో చాంపురాదో అమ్ముకునే ముసలి తాత. (మొక్కజొన్నపిండీ చాక్లెట్టూ కలిపి కాచే వేడి పానీయం అది.) పేటలోకి డబ్బున్నవాళ్లు దిగేసరికి, యిల్లు ఖాళీ చేయమని ఆ తాతకే నోటీసు వస్తుంది. పరువు తండ్రి చేతిలో, యిల్లు యజమాని చేతిలో. వేడుకను ఆస్తి సంబంధాల నడుమ నిలిపి చూపే యిలాంటి కథ సమర్త మీద చదవాలని నాకు ఆశ.

2017 మే నెలలో టెక్సస్ గవర్నరు ఎస్.బి. 4 అనే చట్టం మీద సంతకం చేశాడు. పోలీసులు తాము ఆపినవాళ్లను వలస కాగితాల సంగతి అడగవచ్చు; స్థానిక అధికారులు కేంద్ర వలస శాఖకు సహకరించి తీరాలి. జూలై 19న ఆస్టిన్‌లోని శాసనసభ భవనం ముందు పదిహేనుమంది అమ్మాయిలు కిన్సెయాన్యేరా గౌన్లు తొడుక్కుని నిలబడ్డారు. నాట్యం చేశారు, తమ కుటుంబాల తరఫున మాట్లాడారు, లోపలికి వెళ్లి శాసనసభ్యులను కలిశారు. పెళ్లీడు చాటే గౌనును వాళ్లు చట్టం యెదుటకు తీసుకుపోయారు. అవశేషం అనే మాట యిక్కడ చాలదు.

చట్టం ఆగలేదు. 2018 మార్చిలో అప్పీళ్ల కోర్టు దాన్ని చాలావరకు నిలబెట్టింది. అక్కడ పుట్టి 2017లో పదిహేను నిండిన పిల్లలకు 2020లో వోటుహక్కు వచ్చింది. వాళ్ల తల్లుల్లో కాగితాలు లేనివాళ్లకు యింకా రాలేదు.