రిగ్గులు పెరిగితే నీళ్ళు పెరగవు

అనంతపురంలో పని వెతకడమంటే ముందునుంచీ ఊరు దాటడమే. ఇక్కడ వాన ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. నైరుతి మేఘాలు చాలావరకు పడమటి కనుమల అవతలే కురిసిపోతాయి. ఈశాన్య రుతుపవనం కోస్తా దాటి ఇంత దూరం వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. శెనక్కాయ విత్తి మొగులు వైపు చూసే సేద్యంలో ఇంటిల్లిపాదికీ పని దొరకదు. అందుకే ఈ సీమలో ఏ ఇంటిని అడిగినా ఒకరు కాకపోతే ఒకరు బెంగుళూరులో ఉంటారు, బేల్దారి పనిలోనో, సెక్యూరిటీ గార్డుగానో, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో. దేశమంతటి ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. పని కోసం ఇంతగా ఎదురుచూసిన నేల మీద అది మొదలుకావడం సబబే.

ఆ వెతుకులాటలో ఇప్పుడు ఏఐ కూడా తోడైంది. చాట్‌జీపీటీ 2022 నవంబరు చివర్లో వచ్చింది. తర్వాత జెమిని వచ్చింది, వాట్సాప్‌లోనే మెటా ఏఐ చేరింది. ఇవి మా పిల్లల చేతికి రావడం చూసి మనస్ఫూర్తిగా సంతోషించినవాళ్ళలో నేనొకణ్ణి. కారణం ఇంగ్లీషు. దత్తమండలాల కోసమని 1946లో మద్రాసు గిండీలో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ 1948లో అనంతపురం చేరింది. ఈనాటి జేఎన్‌టీయూ దాని నుంచి ఎదిగిందే. చదువు ఇన్ని తరాలుగా మా ముంగిట ఉన్నా, తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఉద్యోగం అడిగే ఉత్తరం దగ్గర ఆగిపోవడం చూస్తూనే వచ్చాను. పని వస్తుంది, దాన్ని చెప్పుకోవడం రాదు. రాసిపెట్టే అన్నో మామో ఉన్న ఇంటి పిల్లలు ముందుకు పోయేవాళ్ళు. ఆ సాయం ఇప్పుడు కూలింటి పిల్లకూ అందుతోంది. ఇది చిన్న మార్పు కాదు.

రోజువారీ పనుల్లోనూ దీని సాయం తక్కువేం కాదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టించే చిన్న యూనిట్ యజమాని బళ్ళారి వ్యాపారికి కన్నడంలో మెసేజీ పంపుకోవచ్చు. ధర్మవరం నేతగాడు చీర అంచు, కొంగు, జరీ వివరం తన నోటితో చెప్పి, ఆన్‌లైన్ అమ్మకానికి నాలుగు వాక్యాలు రాయించుకోవచ్చు. బ్యాంకు నుంచి వచ్చిన నోటీసును, ఖాతా నంబరు కనపడకుండా ఫోటో తీసి, ‘ఇందులో ఏముందో తెలుగులో చెప్పు’ అని అడగొచ్చు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో పెట్టింది. ఆఫీసు గడప తొక్కకుండా ఫోనులోనే పని జరిపించుకోవడం పల్లెల్లోనూ మెల్లగా అలవాటవుతోంది.

అయినా ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఈ సాధనాన్ని పట్టుకునే పద్ధతి వేరుగా ఉండాలి. ఈమధ్య ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన ఒక పిల్లోడు తన రెజ్యూమె చూపించాడు. ఏఐతో రాయించిందే. కష్టపడే తత్వం, జట్టులో కలిసిపోయే గుణం, సవాళ్ళంటే ఇష్టం, అన్నీ మంచి ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. అతని స్నేహితుల కాగితాలూ అచ్చం అట్లాగే ఉన్నాయి.

“సెలవుల్లో ఏం చేస్తాంటివి నాయనా?” అనడిగాను.

“ఏం లేదు సార్. మా నాయన షెడ్డులో మోటార్లకు వైండింగ్ చేస్తాంటి.”

ఆ పనిని అతను పని కింద లెక్కే పెట్టలేదు. కాలిపోయిన బోరు మోటారును విప్పి, పాత తీగ తీసి, చుట్లు లెక్కపెట్టి, అదే గేజు తీగతో మళ్ళీ చుట్టడం అతనికి వచ్చు. నీళ్ళలో మునిగే మోటారుకు ప్లాస్టిక్ తొడుగున్న తీగ ఎందుకు వాడాలో తెలుసు. మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడటం తెలుసు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు ఎట్లా మూలుగుతుందో చెవితో చెప్పగలడు. ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ మనిషికి కావాల్సింది ఇదే కదా. అతని రెజ్యూమెలో ఇందులో ఒక్క ముక్కా లేదు.

అప్పుడు ఫోనులో వేరే విధంగా అడిగించాను. ‘ముందు నన్ను ప్రశ్నలు అడుగు. నేను చెప్పిందే రాయి. చెప్పనిది కలపొద్దు’ అని. అది ఒక్కొక్కటే అడిగింది: ఎన్ని హెచ్‌పీ మోటార్లు, లోపం ఎట్లా కనిపెడతావు, ఎవరి దగ్గర నేర్చుకున్నావు. పిల్లోడు తన యాసలోనే మాట్లాడి జవాబులిచ్చాడు. వచ్చిన కాగితంలో అతను కనిపించాడు. అంత చెప్పినా అది పీఎల్‌సీ, అంటే ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే కంట్రోలర్, దాని మీద అనుభవం ఉందని ఒక వాక్యం కలిపింది. “రేపు ఇంటర్వ్యూలో దీని గురించి అడిగితే చెప్తావా?” అన్నాను. “చెప్పలేను సార్” అన్నాడు. ఆ వాక్యం తీసేయించాను. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టాక, ఆ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. అతను వాటికి ఆ కాగితంతోనే దరఖాస్తు పెట్టుకుంటున్నాడు.

అందరూ ఇదే మాదిరి చేస్తారా అన్నది నా దిగులు. ఎందుకంటే ఈ సాధనంలో ఒక ఆశ దాగుంది. ఒక్క రాత్రిలో వంద కంపెనీలకు వంద రకాలుగా దరఖాస్తులు పంపొచ్చు. పంపుతున్నారు కూడా. అన్ని కాగితాలు చదవలేక కంపెనీలూ వడబోతకు సాఫ్ట్‌వేర్‌ను పెట్టుకున్నాయి. దాన్ని దాటడానికి మనవాళ్ళు ఇంకా ఎక్కువ పంపుతారు. ఈ కథ మా సీమకు కొత్త కాదు. కపిలబావులు ఎండిపోయినప్పుడు తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోర్లు వేసే రిగ్గులొచ్చాయి. ఒకాయన మూడొందల అడుగులు వేయిస్తే పక్కాయన ఐదొందలు వేయించాడు. అడుగున గట్టి గ్రానైటు, నీళ్ళుండేది పగుళ్ళలో మాత్రమే. ఒక బోరు లోతుకు పోతే పక్క బోరు ఎండింది. అప్పులు మిగిలాయి. రిగ్గుకు బలం పెరిగింది గానీ వాన పెరగలేదు. ఉద్యోగాలూ అంతే. దరఖాస్తు రాయడం ఎంత సులువైనా కంపెనీలో ఖాళీలు అన్నే ఉంటాయి. నీటి విషయంలో మాకు కాస్త మేలు చేసింది లోతు కాదు. చెక్‌డ్యాములు, ఫారం పాండ్లు, కొన్ని ఊళ్ళలో బోర్లున్న రైతులు కొత్త బోర్లు వద్దనుకుని పైపులు కలిపి పక్క చేలకూ ఒక తడి ఇవ్వడం, ఇవి మేలు చేశాయి.

ఏఐ విషయంలోనూ నేను కోరుకునేది అదే. దరఖాస్తుల సంఖ్య పెంచడానికి కాదు, చేతిలోని పని పెంచడానికి దీన్ని వాడుకోవాలి. పీఎల్‌సీ రాకపోతే వచ్చినట్టు రాయించొద్దు. ‘మోటారు స్టార్టరు తెలిసిన నాకు పీఎల్‌సీ మొదటి పాఠం తెలుగులో చెప్పు’ అని అడగాలి. అర్థంకాకపోతే మళ్ళీ అడగాలి, పదిసార్లు అడిగినా విసుక్కోదు. ఇంటర్వ్యూ ప్రశ్నలు అడగమని, నోటితో జవాబులు చెప్పి, ఎక్కడ తడబడ్డామో తెలుసుకోవాలి. ఇంగ్లీషులో మాట్లాడటానికి సిగ్గుపడే ఆడపిల్లలకు ఇంతకంటే నిమ్మళంగా సాధన చేసే చోటు దొరకదు.

జాగ్రత్తలూ చెప్పుకోవాలి. ఏఐ తాను చదివిన కోట్ల వాక్యాల తీరును బట్టి, తర్వాత రావాల్సిన మాటను ఊహించి పేర్చుకుంటూ పోతుంది. నిజమో కాదో విచారించుకుని రాయదు. డీఎస్సీకి, ఏపీపీఎస్సీకి చివరి తేదీ, వయోపరిమితి అడిగితే ధీమాగా తప్పు చెప్పగలదు. అవి మాత్రం అధికారిక నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు దానికి ఇవ్వకూడదు. పేరున్న కంపెనీ లెటర్‌హెడ్‌తో దొంగ ఆఫర్ లెటర్లు తయారుచేయడమూ ఇప్పుడు సులువే. ఉద్యోగం ఇస్తామని ముందే డిపాజిట్ అడిగితే అది మోసమని ఊరందరికీ చెప్పాలి.

ఒకరి ఫోనులో నేర్చిన మెలకువ ఇంకొకరికి చేరాలి. ప్రతి మండలంలో ఒక లైబ్రేరియనో, రిటైరైన అయ్యవారో, ఉద్యోగం దొరికిన అక్కో వారానికి ఒక సాయంత్రం పిల్లలతో కూర్చుంటే చాలు. ముందు ఫోను తీయొద్దు. ‘నీకేం పని వచ్చు?’ అని అడగండి. ‘ఏం రాదు’ అంటారు. నమ్మొద్దు, మళ్ళీ అడగండి. మగ్గం, షెడ్డు, చేను, కుట్టుమిషను, డ్వాక్రా లెక్కల పుస్తకం, అమ్మానాన్నల పక్కన నేర్చుకున్నవన్నీ వాళ్ళ నోటితో చెప్పించండి. తర్వాత ఏఐతో రాయించండి. మంచి ఇంగ్లీషు ఇక అందరికీ దొరుకుతుంది. ఆ ఇంగ్లీషులో చెప్పుకోవడానికి చేసిన పని ఉన్నవాళ్ళు మా సీమలో కావాల్సినంత మంది ఉన్నారు. అది పనేనని వాళ్ళకు చెప్పాల్సినవాళ్ళం మనం.