బడి పంక్తిలో బామ్మలు

అమెరికాలో ఉన్న మనవరాలి పుట్టినరోజుకు ఊళ్లో తాతగారు బడి పిల్లలకు భోజనం పెట్టించడం ఇప్పుడు కొత్తేమీ కాదు. కొందరు పెళ్లిరోజుకు పెడతారు, ఇంకొందరు పోయినవారి పేరుమీద సంవత్సరీకానికి పెడతారు. గుజరాత్‌లో తిథి భోజనంగా పేరుపడ్డ ఈ పద్ధతిని కేంద్రం బడి భోజన పథకమైన పీఎం పోషణ్‌లో ప్రోత్సహిస్తోంది. రోజూ పెట్టే భోజనానికి ఇది బదులు కాదు, అదనం మాత్రమే.

ఇందులో ఎవరు ఎవరికి పెడుతున్నారా అని ఆలోచిస్తుంటాను. పిల్లలకు ఆ పూట ఒక మిఠాయో, పండో ఎక్కువ దొరుకుతుంది. సొంత పిల్లలు దూరదేశాల్లో స్థిరపడిన ఆ పెద్దాయనకు మాత్రం బోలెడు సందడి, "తాతా, ఇంకొంచెం పప్పు!" అనే పిలుపు దొరుకుతాయి. లెక్క చూస్తే ఆయనకే ఎక్కువ ముట్టినట్టుంది.

పెద్దలు పంక్తిలో కూర్చుంటే పిల్లలకు కథలూ దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న బడి భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కోనసీమలోని లంకల గన్నవరంలో, ఆకలని వచ్చినవారికి వేళ చూడకుండా వండి వడ్డించిన ఇల్లాలు ఆవిడ. 1909లో కన్నుమూశారు. ఆవిడ కథ గోడమీద రాతగా కన్నా, పక్కన కూర్చుని అన్నం కలుపుకునే బామ్మ నోట వింటేనే పిల్లలకు ఎక్కుతుంది.

నాకు నచ్చనిదల్లా ఫ్లెక్సీ కట్టి, పిల్లల్ని నిలబెట్టి ఫొటో దిగి వెళ్లిపోయే దానం. డబ్బు పంపడం మంచిదే. వీలైతే ఆ పూట వచ్చి వడ్డించాలి, వాళ్ల పంక్తిలోనే కూర్చుని తినాలి.